బుగ్గలో మేకులు

ముందు ఎడమచేతి మణికట్టుతో పెదవులు తుడుచుకుంటుంది. తరువాత రేకు డబ్బాలోంచి చిటికెడు మేకులు తీసి నోట్లో వేసుకుంటుంది. అవి పళ్లకు తగిలి చిన్న చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు తరువాత ఆవిడను ఎవరు ఏమడిగినా జవాబు ఒకటే. ఊఁ.

ఆవిడ పని కుర్చీలకు గుడ్డ వేయడం. సోఫాలు, బస్సు సీట్లు కూడా చేస్తుంది, కానీ వీధిలో అందరికీ కుర్చీలావిడే. మేకు చిటికెనవేలి గోరుకన్నా పొడవుండదు. నాలుక దాన్ని తిప్పి, తల బయటికి వచ్చేలా పెదవుల మధ్యకు తోస్తుంది. సుత్తికి ఒకవైపు మొన అయస్కాంతం. అది పెదవుల దాకా వచ్చి మేకును అంటించుకుని పోతుంది. మొదటి దెబ్బకు మేకు చెక్కలో నిలబడుతుంది. సుత్తి తిరగేసి కొట్టిన రెండో దెబ్బకు దిగిపోతుంది. ఇంతసేపూ ఎడమచేయి గుడ్డను బిగలాగి పట్టుకునే ఉంటుంది. దానికి ఇంకో పని చెప్పడానికి లేదు. అందుకే మేకులు నోట్లో.

తండ్రి నేర్పిన పని. ఆవిడ పన్నెండో ఏట ఆయన ఒక మేకు తీసి నాలుక మీద పెట్టి, "ఇప్పుడు మాట్లాడు చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల నోరు తెరవలేదు. "అదీ. సగం పని వచ్చేసింది" అన్నాడు. మేకులు నోట్లో ఉన్నంతసేపు నవ్వకూడదు, ఏడవకూడదు, ఎవరికీ బదులివ్వకూడదు. ఆయన చెప్పినవి ఈ మూడే. మింగిన మేకు ఎక్కడిదాకా పోతుందో ఆయనకు తెలుసు. అది చెప్పలేదు.

నలభై ఏళ్లలో ఆవిడ ఒక్క మేకు మింగలేదు.

పెళ్లయి వచ్చాక ఆ పద్ధతి ఇంకోరకంగా అక్కరకొచ్చింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో పని. అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి రోజుకో విషయం మీద మాటలనేది. కోడలు సుత్తి ఎత్తేది, దించేది. "దీనికి నోట్లో నాలుకుందా లేదా?" అని చివరికి అత్తగారే విసిగి లోపలికి పోయేది. అత్తగారు పోయి పదేళ్లయింది. మేకులు అలాగే ఉన్నాయి.

షెడ్డులో రెండో సగం మరిదిది. అతను వడ్రంగి. విరిగిన కుర్చీ చట్రాలు అతను బాగుచేస్తే, పైన గుడ్డ ఆవిడ వేస్తుంది. వదినగారి ఊఁలు ఏడు రకాలని అతని లెక్క. "ఇది అవును ఊఁ, ఇది కాదు ఊఁ, ఇది నీ మొహం ఊఁ" అని వచ్చినవాళ్లకు విప్పి చెబుతాడు. అతను చేసిన చట్రం ఒకవైపు పల్లంగా ఉంటే ఆవిడ అట్టముక్క మడిచి పెట్టి, దాని మీదుగా గుడ్డ లాగేస్తుంది. ఆ మాట చెప్పాలంటే మేకులు ఉమ్మాలి. ఉమ్మినవి ఏరుకోవాలి. అట్టముక్క తేలిక.

యాభై రెండో ఏట ఎడమవైపు కింది జ్ఞానదంతం నొప్పి పెట్టింది. అది చిగురు లోపలే అడ్డంగా పడుకుని ఉంది. పళ్ల డాక్టరు చిన్న వయసు మనిషి, బజారు చివర మేడ మీద ఆసుపత్రి. చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీసింది. నాలుగు కుట్లు వేసింది. ఏం తినాలో, ఏం చేయకూడదో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చింది.

ఆవిడ భర్త నీళ్ల శాఖలో వాల్వులు తిప్పుతాడు. ఏ వీధికి ఏ గంటకు నీళ్లు వదలాలో కాగితం చూసి చేసే మనిషి. ఈ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. వేడివి తాగకూడదు. గట్టిగా ఉమ్మకూడదు. గొట్టం పెట్టి పీల్చకూడదు. వారం రోజులు మెత్తటివే తినాలి. పొద్దునా సాయంత్రమూ చదివి, బ్రెడ్డు పాలలో నానబెట్టి ఇచ్చేవాడు. అన్నీ కాగితం ప్రకారమే జరిగాయి.

ఆ కాగితంలో మేకుల మాట లేదు.

ఐదో రోజున ఆవిడ షెడ్డులోకి వెళ్లింది. గాయం ఎడమవైపు. మేకులు నలభై ఏళ్లుగా ఉండేదీ ఎడమ బుగ్గలోనే. అందుకని కుడి బుగ్గకు మార్చింది. అది చాలా పెద్ద జాగ్రత్త అనుకుంది. నాలుకకు కొత్త. రెండు రోజులు తడబడింది. మధ్యాహ్నం అయ్యేసరికి అలసిపోయి పాత దారిన ఎడమవైపుకే దొర్లించేది. గుర్తొచ్చి మళ్లీ కుడికి తోసేది.

పదో రోజున దవడ వాచింది.

డాక్టరు కడిగి, వారానికి బిళ్లలు రాసింది. వాపు తగ్గింది. బిళ్లలు అయిపోయిన నాలుగో రోజున మళ్లీ వచ్చింది. వేరే బిళ్లలు. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. నొక్కితే చిగురులోంచి చీము చుక్క కనబడేది. సుగర్ పరీక్ష చేయించింది. సుగర్ లేదు. ఎక్స్‌రే తీసింది. పంటి ముక్క ఏదీ మిగల్లేదు.

"నోరు అదోలా ఉంటోందా? చేదుగానో, తుప్పు రుచిగానో?"

"ఎప్పటిలాగే ఉంది డాక్టరమ్మా."

అబద్ధం కాదు. ఆవిడ నోరు నలభై ఏళ్లుగా ఇనుము రుచే.

"పొగాకు అలవాటుందా?"

"లేదు."

"వక్కపొడి?"

"ముట్టను."

"గోళ్లు కొరుకుతారా?"

ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపింది. "గోళ్లుంటేగా."

"దారం పంటితో తెంపుతారా? మీది కుట్టుపని కదా."

"కత్తెరుంది."

డాక్టరు కలం మూసింది. "నిజం చెప్పండమ్మా. నోట్లో ఏం పెట్టుకుంటున్నారు?"

"మీరు రాసిన బిళ్లలు."

మూడో నెలలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించింది. పన్ను తీసిన గుంట చుట్టూ ఎముక పొగమంచు పట్టినట్టుంది. "ఇది ఎముకలోకి దిగుతోంది. ఇంకోసారి చూస్తాను. తగ్గకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తాను. అక్కడ దవడ తెరిచి, పాడైన ఎముక తీసేస్తారు. తీగలతో దవడ కట్టేయాల్సి రావచ్చు. ఆ తరువాత నోరు ఇప్పటిలా తెరుచుకుంటుందని నేను చెప్పలేను."

ఆవిడ దారి పొడుగునా నోరు తెరిచి, మూసి చూసుకుంది. గ్రంథాలయం వాళ్లవి అరవై కుర్చీలు షెడ్డులో ఉన్నాయి. చదువుకునే గదికి. పన్నెండు మాత్రమే అయ్యాయి. నోరు తెరుచుకోకపోతే మేకు ఎటునుంచి వస్తుంది? అన్నం సంగతి తరువాత ఆలోచించింది.

పళ్ల ఆసుపత్రిలో రోగులు కూర్చునే బెంచీ ఒకటుంది. రెక్సిన్ మూల చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. వెళ్లినప్పుడల్లా ఆవిడ వేలితో దాన్ని లోపలికి తోసేది. పక్కవాళ్లు లేచాక ఆ చోటును కూడా సర్దేది. ఆ మూడో నెలలోనే ఉండబట్టలేక అడిగింది.

"డాక్టరమ్మా, మీ బెంచీ చూస్తే నాకు పన్నుకన్నా ఎక్కువ నొప్పిగా ఉంటోంది. సెలవు రోజున తాళం తీస్తే సగం పూటలో వేసేస్తాను."

ఆదివారం డాక్టరు తలుపు తీసి, తన గదిలో కాగితాలు ముందేసుకుని కూర్చుంది. బయటి గదిలో ఆవిడ బెంచీని తిరగేసింది. పాత మేకులు ఊడబెరికింది. కొత్త రెక్సిన్ పరిచింది. మణికట్టుతో పెదవులు తుడుచుకుంది.

కాసేపటికి లోపలినుంచి డాక్టరు అడిగింది. "ఫ్యాను వేసుకున్నారా?"

"ఊఁ."

"మంచినీళ్లు కావాలా?"

"ఊఁ."

రెండోది 'కాదు' ఊఁ. డాక్టరుకు ఆ తేడా తెలియదు. నీళ్లు పట్టుకుని బయటికి వచ్చింది. సుత్తి పెదవుల దాకా వెళ్లి రావడం చూసింది. రెండుసార్లు చూసింది. గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్లి స్టీలు పళ్లెం తెచ్చి ఆవిడ గడ్డం కింద పట్టింది.

"ఉమ్మండి."

ఆవిడ ఉమ్మింది. పదకొండు మేకులు.

"బిళ్లలు తప్ప నోట్లో ఏమీ పెట్టుకోనన్నారు!"

"పెట్టుకోను."

"మరి ఇవేంటి?"

"మేకులు. పనిముట్లు కదా." ఆవిడకు అర్థం కాలేదు. "మీరు తినేవి అడిగారు, నమిలేవి అడిగారు. ఇవి తింటామా?"

డాక్టరు పళ్లెంలో ఒక మేకును వేలితో కదిపింది. దాని మెడకు నల్లటి పోగు చుట్టుకుని ఉంది. "ఇవి కొత్తవేనా?"

"కొన్ని. వంకరపోనివి ఏరి మళ్లీ వాడతాం. మా నాన్నా అంతే."

"అంటే ఈ బెంచీలోంచి ఇప్పుడు పీకినవి. నా రోగులు ఇన్నేళ్లుగా కూర్చున్న బెంచీ."

"తుడిచే వేసుకున్నాను డాక్టరమ్మా."

"దేంతో?"

ఆవిడ తన చీర కొంగు వైపు చూసుకుంది.

డాక్టరు అదే బెంచీ చివర, గుడ్డ వేయని చోట కూర్చుంది. "మూడు నెలలుగా నేను నా బిళ్లలను అనుమానించాను. మీ నెత్తురును అనుమానించాను. ఒకరోజు నా చేతిని కూడా అనుమానించాను." కోపంగానే మొదలుపెట్టింది. చివరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇప్పుడు కుడి బుగ్గలోనే పెట్టుకుంటున్నాను" అంది ఆవిడ.

అప్పుడు డాక్టరు ఆపుకోలేదు.

మర్నాడు మత్తిచ్చి ఆ గుంటను మళ్లీ తెరిచి గీకింది. అడుగున ఏదో సన్నటి పోగు దొరికింది. గాజు పలక మీద పెట్టి చూపించింది. నల్లగా, గట్టిగా, గోరంత పొడవు. ఆవిడ మత్తెక్కిన పెదవితోనే, "గుర్రం వెంట్రుక" అంది. పాత కుర్చీల్లో స్పాంజికి బదులు అదే కూరేవాళ్లు. "వకీలుగారి వాలుకుర్చీది. ఆపరేషను అయిన వారంలో విప్పాను."

"కుర్చీ పేరు కూడా చెప్తున్నారా?"

"గుర్రం వెంట్రుక ఇప్పుడు ఎవరింట్లో ఉంది? ఆయనొక్కడి దగ్గరే."

డాక్టరు కొత్త కాగితం తీసుకుంది. అచ్చువేసింది కాదు. చేత్తో రాసింది. రెండు నెలలు నోట్లోకి అన్నం, నీళ్లు, మందు తప్ప ఇంకేమీ వెళ్లకూడదు. కింద గీత గీసి, మేకులు అని విడిగా రాసింది. ఇది కూడా ఫ్రిజ్ తలుపెక్కింది. భర్త దాన్ని రెండుసార్లు చదివి, "నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి" అన్నాడు.

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

పని నడవలేదు. మేకులు గిన్నెలో పోసుకుంటే సుత్తికి అడ్డదిడ్డంగా అంటుకుంటాయి, సరిచేయడానికి ప్రతి మేకుకూ ఎడమచేయి గుడ్డను వదలాలి. వదిలితే గుడ్డ సడలుతుంది. వేలితో మేకు పట్టుకుంటే సుత్తి వేలిమీద పడుతుంది. మొదటి రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీ అయింది. దాన్నీ మర్నాడు విప్పేసింది.

మరిది తన పెట్టెలోంచి పిన్నులు కొట్టే గన్ను తీశాడు. "నొక్కితే చాలు వదినా. మిగిలిన కుర్చీలన్నీ మూడు రోజుల్లో అయిపోతాయి. నాలుక్కి సెలవు."

"తరువాత విప్పేవాడు దాన్ని పీకితే చెక్కంతా చీలికలవుతుంది."

"తరువాత విప్పేవాడు ఎవడో, వాడి బాధ వాడిది."

"నువ్వు పిన్నులు కొట్టినవన్నీ విప్పింది నేనేరా అబ్బాయీ."

అతను రంపం ఆపి చూశాడు. వదిన నోటినుంచి ఒక పూట వ్యవధిలో రెండో పూర్తి వాక్యం అది. ఆ వారంలో ఇంకా చాలా వచ్చాయి. రేడియో చప్పుడు తగ్గించమంది. పొట్టు తన వైపు ఊడవొద్దంది. గుడ్డ రంగు మార్చమని వచ్చిన గ్రంథాలయం గుమాస్తాకు, మారిస్తే ఏమవుతుందో మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. అతను పాత రంగుకే ఒప్పుకుని వెళ్లిపోయాడు.

"ఇన్నేళ్లూ మా అందరినీ ఆ మేకులే కాపాడాయన్నమాట" అన్నాడు మరిది.

"ఊఁ" అంది ఆవిడ.

"ఇది ఎనిమిదో రకం."

అట్టముక్కల సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. అవి అలాగే చట్రాల మీద పెడుతూ వచ్చింది.

పాడైన స్పీకరులోంచి గుండ్రటి అయస్కాంతం తీసి, తోలు పట్టీకి బిగించి తెచ్చింది మరిదే. మణికట్టుకు కట్టుకోమన్నాడు. "నాకు గాజులున్నాయి" అని ఆవిడ దాన్ని రెండు రోజులు కిటికీలో పడేసింది. మూడో రోజున కట్టుకుంది. మేకులు దానిమీద ముళ్లపందిలా నిలబడ్డాయి. తలలు ఒకటి అటు, ఒకటి ఇటు. నోట్లో అయితే నాలుక సరిచేసేది. ఇక్కడ గుడ్డను పట్టిన చేతిలోనే చిటికెనవేలు వెనక్కి వంగి ఆ పని చేయాలి. వేలికి అది రావడానికి మూడు వారాలు పట్టింది.

నాలుగో వారంలో ఒకరోజు సుత్తి బాగా నడుస్తోంది. ముప్ఫయ్యో కుర్చీ. వీధిలో ఎవరో ఎవరినో పిలిచారు. ఆవిడ తలెత్తి చూసి, మళ్లీ దించి, మణికట్టుతో పెదవులు తుడుచుకుంది. చిటికెడు తీసి వేసుకుంది. పళ్ల మీద చప్పుడయింది. మరిది రంపం ఆగిపోయింది. ఆవిడ కదలకుండా కూర్చుంది. తరువాత అరచేతిలోకి ఉమ్మింది. ఆరు.

"ఎవరికీ చెప్పనులే" అన్నాడు మరిది.

ఆవిడ లేచి, నోరు పుక్కిలించి, చెప్పులేసుకుని బజారు చివరిదాకా నడిచింది. డాక్టరు ఎవరి పన్నో చూస్తోంది. గుమ్మంలోంచే చెప్పింది. "వేసుకున్నాను."

"ఎన్ని?"

"ఆరు."

"కొత్తవా, పాతవా?"

"కొత్తవి."

"ఎంతసేపు?"

"మా మరిది చూసేంతసేపు."

కుర్చీలో నోరు తెరిచి ఉన్న రోగి తలతిప్పి చూడబోతే డాక్టరు అతని గడ్డం పట్టుకుంది. "ఉప్పునీళ్లు. రోజుకు ఆరుసార్లు. మేకుకొకసారి" అంది. ఆవిడ పదిరోజులు అలాగే చేసింది. వాపు రాలేదు.

ఎనిమిది వారాలు నిండిన రోజున డాక్టరు చిగురు నొక్కి చూసింది. లోపల్నుంచి, బయట్నుంచి, దవడ కిందనుంచి. ఏమీ రాలేదు. ఎక్స్‌రే తీసి పాతదాని పక్కన పెట్టింది. పొగమంచు పోయింది. గుంటలో సగం దాకా కొత్త ఎముక వచ్చింది.

"మానింది. మిగతా సగం అదే నిండుతుంది. పెద్దాసుపత్రి అక్కర్లేదు."

ఆవిడ నోరు బాగా తెరిచి, మూసింది. తరువాత అడిగింది. "డాక్టరమ్మా. కొత్తవి. నీళ్లలో ఉడకబెట్టి, ఆరబెట్టినవి. కుడి బుగ్గలో."

డాక్టరు చేతికున్న తొడుగులు విప్పుతూ, "నన్నడక్కండి. అడిగితే వద్దంటాను" అంది.

"అడగకపోతే?"

"అడగకుండా వేసుకున్నప్పుడే కదా ఇంతదాకా వచ్చింది."

బయటి గదిలో బెంచీ మూల గట్టిగా ఉంది. ఆవిడ వెళ్తూ దాన్ని ఒకసారి వేలితో నొక్కింది.

మర్నాడు పొద్దున ఆవిడ చిన్న గిన్నెలో నీళ్లు పోసి, పిడికెడు కొత్త మేకులు వేసి పొయ్యి మీద పెట్టింది. నీళ్లు మరిగాయి. భర్త వాల్వుల తాళంచెవులు తీసుకుని బయల్దేరుతూ గిన్నెలోకి చూశాడు, ఫ్రిజ్ తలుపు వైపు చూశాడు. గుమ్మం దిగి వెళ్లిపోయాడు. ఆవిడ మేకులను ఉతికిన తుండుగుడ్డ మీద ఆరబెట్టింది. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. కడిగిన డబ్బాలో పోసుకుని షెడ్డులోకి వెళ్లింది.

మరిది అప్పటికే వచ్చి ఉన్నాడు. తొమ్మిది కుర్చీలు మిగిలాయి. అన్నీ అతను ముందురోజే బాగుచేసి వరసగా పెట్టాడు. ఆవిడ మొదటిదాన్ని ముందుకు లాక్కుని, పీట మీద కూర్చుంది. సుత్తి పక్కన పెట్టుకుంది. మణికట్టుతో పెదవులు తుడుచుకుంది. చిటికెడు తీసింది.

మేకులు ఇంకా కొంచెం వెచ్చగా ఉన్నాయి.

అప్పుడు చట్రం కనబడింది. ముందు పట్టీ కుడివైపు పల్లంగా ఉంది. ఆవిడ రెండో చేత్తో అట్టముక్క అందుకుని, మడిచి, దానిమీద పెట్టి చూసింది. సరిపోయింది. ఎప్పుడూ సరిపోతుంది. అట్టను అలాగే పట్టుకుని కాసేపు కూర్చుంది. తరువాత తీసి కింద పడేసింది. చిటికెలో ఉన్న మేకులను ఎడమ మణికట్టుకు ఇంకా ఉన్న తోలు పట్టీ మీద వదిలింది. అవి అయస్కాంతానికి అంటుకున్నాయి.

"అబ్బాయీ, ఇటు రా."

మరిది వచ్చాడు.

"ఈ పట్టీ పల్లంగా ఉంది."

అతను వంగి, ఒక కన్ను మూసి చూశాడు. వేలితో రాసి చూశాడు. "అవును. ఎప్పట్నుంచి ఇలా?"

"నా పెళ్లయిన దగ్గర్నుంచి."

అతను కుర్చీ ఎత్తుకుని తన బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆవిడ మిగిలిన ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తిరగేసి, మరో మూడింటిని అతని వైపు తోసింది. చిత్రిక చప్పుడు మొదలైంది. అది అయ్యేదాకా చిటికెనవేలితో మణికట్టు మీద మేకుల తలలు ఒకవైపుకు తిప్పుకుంటూ కూర్చుంది.